తాయారు మర్యాద

చింతలంక మున్సిపాలిటీలో జనన మరణాల విభాగం సూపరింటెండెంటు దివాకరానికి ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఫైల్లో నోటు ఆయన రాసినట్టు జిల్లాలో ఇంకెవరూ రాయలేరు. మురిక్కాలవ మూత పగిలిందన్న సంగతైనా సరే, ఆయన రాస్తే పై అధికారులు చదివి నిట్టూర్చేవారు. అంత గొప్ప రాత ఒక పిల్లి ప్రాణాల మీదికి ఎలా తెచ్చిందో తల్చుకుంటే ఇప్పుడు ఆయనకే నవ్వొస్తుంది. నవ్విన కాసేపటికి సిగ్గేస్తుంది.

ఆ యేడు ప్రభుత్వంవారు మందహాస వత్సరం ప్రకటించారు. జనంతో పనిబడే ప్రతి కౌంటరు మీదా ఒక పెట్టె పెట్టించారు. దానికి రెండు మీటలు. పచ్చ మీట మీద నవ్వు బొమ్మ, ఎర్ర మీట మీద ఏడుపు బొమ్మ. పని చూసుకుని వెళ్లేవాళ్లు ఏదో ఒకటి నొక్కాలి. నొక్కింది నొక్కినట్టు జిల్లా కేంద్రానికి చేరిపోతుంది.

జనన మరణాల విభాగంలో పుట్టినవాళ్లకీ పోయినవాళ్లకీ కలిపి ఒకటే కౌంటరు. బిడ్డ పేరు తప్పు పడిందని కొందరు ఎర్ర మీట నొక్కేవారు. మొగుడో తండ్రో పోయి వచ్చినవాళ్లు ఇక చెప్పేదేముంది, చెయ్యి దానంతటదే ఎర్ర మీట మీదికి వెళ్లేది. మొదటి నెల ఫలితాల్లో చింతలంక మున్సిపాలిటీ జిల్లా మొత్తానికి ఆఖర్న నిలిచింది.

కమిషనర్ నిరంజన్ కుర్రవాడు. ఎక్కడో పెద్ద కాలేజీలో మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడు. దివాకరాన్ని పిలిచి కూర్చోమన్నాడు.

"దివాకరంగారూ, చావనేది ఒక ఈవెంట్. దాన్ని మనం ఆపలేం. కానీ దాని తర్వాత వచ్చే కస్టమర్ ఎక్స్‌పీరియన్స్ పూర్తిగా మన చేతుల్లో ఉంది."

దివాకరం సీటుకొచ్చి సంజాయిషీ రాశాడు. దుఃఖంలో ఉన్న మనిషి మందహాసం చేయకపోవడం మానవ సహజమని, దానికి విభాగంవారిని బాధ్యుల్ని చేయడం తగదని ఎంతో హృద్యంగా రాశాడు. మర్నాడే జవాబొచ్చింది. 'మీ సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. అర్జీదారుల శోకము కౌంటరు వద్దకు చేరుటకు పూర్వమే సమసిపోవునట్లు తగు చర్యలు గైకొనవలెను.'

ఏం చర్యలు గైకొనాలో తోచక ఆయన తల పట్టుకుని కూర్చున్న రోజుల్లోనే తాయారు మారిపోయింది.

తాయారంటే రికార్డు గదిలో ఎలకల కోసమని ఎప్పుడో వచ్చి చేరిన ఆడపిల్లి. బూడిదరంగుది. మరణాల బీరువా మీద పడుకుని ఉండేది. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా తల తిప్పేది కాదు. ఈ విషయంలో దానికీ మిగతా సిబ్బందికీ పెద్ద తేడా లేదు. దివాకరం ఇంటినుంచి రోజూ పెరుగన్నం తెచ్చి పెట్టేవాడు. అది ఆయన వంక చూడకుండానే తినేది. ఆయనకి ఆ నిర్లక్ష్యమే ముద్దొచ్చేది.

ఎండలు మొదలైన రోజుల్లో ఒకనాడు పొద్దున్నే తాయారు బీరువా దిగి కౌంటరు బయటికొచ్చింది. వరసలో నిలబడ్డవాళ్ల కాళ్లకి ఒళ్లు రాసింది. కిందపడి దొర్లింది. ముందుకాళ్లు నేలకి ఆన్చి, నడుం పైకెత్తి, తోక పక్కకి పెట్టి, గొంతు సాగదీసి రాగం అందుకుంది. మొగుడి మరణ ధ్రువపత్రం కోసం చాన్నాళ్లుగా తిరుగుతున్న మంగాయమ్మ అనే ముసలావిడ వంగి దాని తల నిమిరింది.

"ఇన్నాళ్లనించీ తిరుగుతున్నాను బాబూ. ఈ ఆఫీసులో నన్ను పలకరించింది ఇదొక్కర్తే" అంది. అని, నవ్వి, పచ్చ మీట నొక్కింది.

ఆవిడ వెనకాల ఉన్నవాళ్లూ నొక్కారు. సాయంత్రానికి పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఆ దీపం ఒకటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

జూనియర్ అసిస్టెంటు కల్పవల్లి కుర్చీ దగ్గరగా జరుపుకుని మెల్లిగా చెప్పింది. "సార్, తాయారు ఎదకొచ్చిందండి."

దివాకరానికి తెలియక కాదు. చిన్నప్పుడు వాళ్లింట్లో పాడి ఉండేది. గేదె రంకె వేస్తే సంగతేమిటో నాన్న చెప్పకుండానే తెలిసేది. వరసలో నిలబడ్డవాళ్లకీ తెలుసు. కిటికీ అవతల టీ కొట్టువాడికీ తెలుసు. కానీ ఆ మాట చెవిన పడగానే ఆయన ముఖం కందగడ్డ అయింది.

"చూడమ్మా, ఇది జనన మరణాల విభాగం. ఇక్కడ అలాంటి మాటలు మాట్లాడకూడదు."

"జననాలు ఎలా అవుతున్నాయనుకుంటున్నారో" అని కల్పవల్లి కంప్యూటర్‌తో చెప్పుకుంది.

అంతలో కమిషనర్ ఫోన్ చేశాడు. ఇవాళ మీ విభాగంలో ఏం జరిగింది, వెంటనే నోటు పెట్టండి అన్నాడు. ఉన్నమాట రాస్తే ఒక్క ముక్కతో పోయేది. కానీ ఆ ఒక్క ముక్క దివాకరం కలానికి రాయరాని మాట. పైగా పచ్చదీపం వెలిగిన ఉత్సాహంలో చెయ్యి ఊరికే ఉండలేదు. 'విభాగమునందు ఆశ్రయము పొందుచున్న మార్జాలము, ఎవరి ప్రోద్బలమూ లేకయే, అర్జీదారులను ఎదురేగి స్వాగతించుచు, వారి పాదముల చెంత సాగిలపడి, మధుర స్వరమున క్షేమమరయుచు, మర్యాదకు మారుపేరై నిలిచినది' అని రాశాడు. రాసి రెండుసార్లు చదువుకున్నాడు. బాగా కుదిరిందనిపించింది.

కమిషనర్ ఆ నోటు పట్టుకుని స్వయంగా దిగొచ్చాడు. తాయారు ఆయన బూట్ల మీద దొర్లింది.

"ఇదీ కమిట్‌మెంట్! జీతం లేదు, ఇంక్రిమెంట్ లేదు. చూడండి ఆ ప్యాషన్" అన్నాడాయన కళ్లు పెద్దవి చేసి. "దివాకరంగారూ, దీన్ని మోడల్‌గా డెవలప్ చేద్దాం."

అలా చింతలంక నమూనా పుట్టింది. తాయారుకి ఎర్ర మఖమల్ దిండు వచ్చింది. మెడలో 'మర్యాద దూత' అని రాసిన కార్డు వేలాడింది. సిబ్బందికి శిక్షణ మొదలైంది. అర్జీదారుడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఉద్యోగి కౌంటరు దాటి ఎదురెళ్లాలి. నడుం వంచాలి. తల పక్కకి వాల్చి, గొంతు సాగదీసి 'రండీ' అనాలి. విధివిధానాలన్నీ దివాకరమే రాశాడు. 'నడుమును వీలైనంత నేలకు సమీపముగా' అన్న ముక్క కూడా ఆయనదే. నడుంనొప్పి ఉన్న మనిషి అలా ఎందుకు రాశాడంటే, వాక్యం అక్కడ అలా అడిగింది మరి.

మొదటిరోజు ఆయన ఒక పెద్దమనిషికి ఎదురెళ్లి వంగి, మళ్లీ లేవలేకపోయాడు. వంగినవాడు వంగినట్టే 'రండీ' అంటుంటే ఆ పెద్దమనిషి హడిలిపోయాడు.

"ఏవండీ, ఈయనకేవన్నా ఫిట్సా? ఎవరిదగ్గరన్నా తాళాలుంటే చేతిలో పెట్టండి!"

కల్పవల్లి వచ్చి ఆయన్ని పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్దమనిషి మాత్రం జాలిపడి పచ్చ మీట నొక్కి వెళ్లాడు.

వారం తిరిగేసరికి తాయారు మళ్లీ బీరువా ఎక్కేసింది. ఎవరొచ్చినా తల తిప్పలేదు. దిండు నేలమీదే ఉండిపోయింది, కార్డు ఎక్కడో పోయింది. పెట్టె ఎర్రబడింది. వెంటనే తాఖీదొచ్చింది. 'మర్యాద దూత ప్రవర్తనలో అకస్మాత్తుగా వచ్చిన మార్పునకు కారణములు తెలుపవలెను.' దివాకరం 'నిరంతర సేవ వలన కలిగిన అలసట' అని రాసి గండం గడుపుకున్నాడు. ఆయన అదృష్టం, రెండు మూడు వారాలకి తాయారు మళ్లీ దిగొచ్చింది. మళ్లీ దొర్లింది. మళ్లీ పాడింది. మళ్లీ ఎక్కేసింది.

కమిషనర్ గోడమీద పటం గీయించి, ఇది చక్రీయ సామర్థ్యమన్నాడు. రాష్ట్రస్థాయి తనిఖీని సరిగ్గా తాయారు దిగే వారంలో పెట్టించుకుంటానన్నాడు. ఈలోగా ప్రహరీ మీదికి రెండు మగపిల్లులు చేరి జవాబు పాట అందుకున్నాయి. ఒకదానికి చెవి చిరిగి ఉంది, ఇంకోదానికి ముఖమంతా గీతలు.

"పక్క మున్సిపాలిటీ వాళ్ల పనే ఇది. మన హ్యూమన్ రిసోర్స్‌ని ఎగరేసుకుపోదామని" అన్నాడు కమిషనర్.

"హ్యూమన్ కాదండి" అనబోయి దివాకరం ఊరుకున్నాడు. కిటికీలన్నిటికీ ఇనప వల బిగించారు. తలుపు దగ్గర మనిషిని పెట్టారు. తాయారు ఎదకొచ్చినప్పుడల్లా వల దగ్గర కూర్చుని గోళ్లతో గీరేది, అన్నం ముట్టేది కాదు. దాని రాగంలో మాధుర్యమేమీ లేదని, అది వేగలేక అరుస్తోందని దివాకరానికి తెలుస్తూనే ఉండేది. అలాంటప్పుడు ఆయన ఏదో ఒక ఫైలు తెరుచుకునేవాడు.

కల్పవల్లి ఊరుకోలేదు. ఎదురుగా ఉన్న పశువుల ఆసుపత్రి నుంచి డాక్టర్ మెహరున్నీసాని పిల్చుకొచ్చింది. ఆవిడ తాయారుని, దిండుని, గోడమీద పటాన్ని చూసి కాసేపు నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కమిషనర్ గదిలో కూర్చుని విడమర్చి చెప్పింది.

"ఇది ఎదండీ. పగటిపొద్దు పెరిగే కాలంలో ఆడపిల్లులకి వస్తుంది. కొన్ని రోజులుండి తగ్గుతుంది. మగదానితో కలవకపోతే రెండు మూడు వారాలకి మళ్లీ వస్తుంది. కాళ్లకి రాసుకోవడం, దొర్లడం, అరవడం, అన్నీ అందుకే. పోనీ పిల్లల్ని కననిద్దామా అంటే, మీ ఊళ్లో ఇప్పటికే పిల్లికూనలు రోడ్డుమీద పడి చస్తున్నాయి. మేలైన దారి ఆపరేషన్. గర్భసంచి, అండాశయాలు తీసేస్తాం. చిన్నప్పుడే చేసుంటే రొమ్ముల్లో గడ్డలొచ్చే భయం కూడా బాగా తగ్గేది."

"ఇప్పుడు తొందరేముంది?"

"దీనికి వయసు మళ్లుతోందండీ. ఎద వచ్చిన ప్రతిసారీ గర్భసంచి కడుపు నిలవడానికి సిద్ధమవుతుంది, మళ్లీ ఊరికే పోతుంది. ఇలా మాటిమాటికీ జరిగితే లోపల చీము పట్టొచ్చు. చీము పడితే ప్రాణం మీదికొస్తుంది. ఎద తగ్గిన కొన్ని వారాల్లో నీళ్లు అదేపనిగా తాగినా, తిండి మానేసినా, కడుపు ఉబ్బినా, కింద తడి కనిపించినా ఒక్క పూట కూడా ఆగకండి. ఈ ఎద తగ్గగానే తీసుకొస్తే నేను ఆపరేషన్ చేసేస్తాను."

కమిషనర్ ముందుకు వంగాడు. "ఆపరేషన్ తర్వాత ఈ మర్యాద ఉంటుందా?"

"సార్, అది మర్యాద కాదు."

"డాక్టర్‌గారూ, అడిగినదానికి జవాబు చెప్పండి. ఉంటుందా, ఉండదా?"

"ఉండదు."

"అయితే తనిఖీ అయ్యాక ఆలోచిద్దాం" అని ఆయన దివాకరం వైపు తిరిగాడు. "మంచి భాషలో ఒక నోటు పెట్టండి."

డాక్టరమ్మ కూడా దివాకరం వైపే చూసింది. ఆయన నోరు విప్పుతాడనుకుంది కాబోలు. ఆయన వెళ్లి నోటు రాశాడు. 'విభాగపు ఆస్తియొక్క సేవా సామర్థ్యమును కుంటుపరచు ఎట్టి శస్త్రచికిత్సయైనను ప్రజాప్రయోజన దృష్ట్యా వాయిదా వేయుట యుక్తము.' ఈసారి రెండోసారి చదువుకోలేదు.

ఇంకో ఎద వచ్చి పోయింది. తనిఖీ తేదీ మాత్రం ఆ తర్వాతి ఎదకి కుదిరింది. ఆ తర్వాత తాయారు బీరువా ఎక్కలేదు. దిండు మీదే ముడుచుకుని కూర్చునేది. పెరుగన్నం వాసన చూసి ముఖం తిప్పుకునేది. మంచినీళ్ల కుండ కింద పళ్లెంలో కారిన నీళ్లు ఆపకుండా తాగేది. పొట్ట గుండ్రంగా లేచింది. తోక కింద మాటిమాటికీ నాక్కునేది.

కమిషనర్ దాన్ని చూసి మురిసిపోయాడు. "గమనించారా, ఎంత గాంభీర్యం వచ్చిందో! ఒళ్లు కూడా చేసింది. గుర్తింపు దొరికితే ఉద్యోగి ఇలాగే స్థిమితపడతాడు."

"సార్, డాక్టరమ్మ చెప్పినవన్నీ కనిపిస్తున్నాయండి" అంది కల్పవల్లి, దివాకరం ఒక్కడే ఉన్నప్పుడు.

"రేపే కదమ్మా తనిఖీ. అయిపోగానే..." అన్నాడాయన. అంటూనే తన గొంతు తనకే రోతనిపించింది.

మర్నాడు ప్రత్యేకాధికారిణి బృందంతో దిగింది. పూలదండలు, బ్యానరు, కెమెరాలు. కౌంటరు ముందు వరస కట్టిన జనానికి మజ్జిగ పంచారు. తాయారు దిండు మీద పడుకుని ఉంది. కమిషనర్ దాని మెడలో కొత్త కార్డు వేశాడు. అది తలెత్తలేదు.

"ఇదేనా మీ మర్యాద దూత? నిద్రపోతోందే!" అంది అధికారిణి.

"ధ్యానంలో ఉందండి మేడమ్. మా సూపరింటెండెంట్‌గారు నమూనా తత్వం వివరిస్తారు."

దివాకరం కాగితం తీశాడు. అంతకంటే మంచి ఉపన్యాసం ఆయన ఎన్నడూ రాయలేదు. "గౌరవనీయులైన అధికారిణి వారికి... మర్యాద యనునది నేర్పిన రాదు. అది అంతరంగమునుండి..." అంతవరకూ చదివి దిండు వైపు చూశాడు. ఎర్ర మఖమల్ మీద తాయారు తోక కింద తడిగా, పసుప్పచ్చగా మరక ఉంది. దుర్వాసన ఆయన దాకా వచ్చింది. తాయారు కళ్లు సగం తెరిచి ఆయన్నే చూస్తోంది. ఇన్నేళ్లలో అది తనని సూటిగా చూడటం అదే మొదలు.

"అంతరంగమునుండి..." అని ప్రాంప్ట్ చేశాడు కమిషనర్.

దివాకరం కాగితం మడిచాడు.

"ఎదండి" అన్నాడు.

"ఏమిటి?" అంది అధికారిణి.

"మర్యాదా కాదు, గాడిదగుడ్డూ కాదండి. పిల్లి ఎదకొచ్చింది. నాకు మొదట్నించీ తెలుసండి. చెప్పడానికి సిగ్గేసి ఇన్ని కాగితాలు రాశాను. ఇప్పుడు దాని గర్భసంచిలో చీము పట్టింది. తప్పుకోండి."

దిండుతో సహా తాయారుని ఎత్తుకుని ఆయన పరుగందుకున్నాడు. నడుంనొప్పి గుర్తు రాలేదు. ఒలికిన మజ్జిగకి కాళ్లు జారుతున్నా ఆగలేదు. వరసలో జనం గోడకి ఒదిగి దారిచ్చారు. వెనకాల కమిషనర్ "దివాకరంగారూ, ప్రోటోకాల్!" అని అరుస్తున్నాడు. కల్పవల్లి ముందు పరిగెత్తి రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆటోలన్నిటినీ ఆపేసింది.

డాక్టర్ మెహరున్నీసా కడుపు తడిమి చూసి వెంటనే లోపలికి తీసుకుపోయింది. దివాకరం ఆసుపత్రి బల్లమీద కూర్చున్నాడు. పక్కన తాడుతో కట్టిన మేక ఒకటి ఆయన జేబులో ఉపన్యాసాన్ని లాగి నమలడం మొదలెట్టింది. ఆయన అడ్డుచెప్పలేదు. పదివేల దండాలు పెట్టుకుంటూ తలుపు వంకే చూశాడు.

చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. "బతుకుతుంది. సంచి నిండా చీమేనండీ, పగిలిపోవడానికి సిద్ధంగా ఉంది. ఇవాళ కూడా తేకపోయుంటే రేపు మీ కౌంటర్లోనే దీనికి కాగితం రాసుకునేవారు."

దివాకరం భోరున ఏడ్చేశాడు. మేక నమలడం ఆపి చూసింది.

సస్పెన్షన్ ఖాయమని మర్నాడు భయపడుతూనే ఆఫీసుకి వెళ్లాడు. తీరా చూస్తే గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఆయన పిల్లినెత్తుకుని పరిగెత్తడం కళ్లారా చూసిన జనం ఒక్కరు కూడా మిగలకుండా పచ్చ మీట నొక్కి వెళ్లారట. చింతలంక రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. వారంలోగా అన్ని కార్యాలయాలకీ కొత్త ఉత్తర్వు వెలువడింది. 'ప్రతి సోమవారము విభాగాధిపతి ఒక జీవిని చేతబట్టుకొని, ప్రజలు వీక్షించుచుండగా, ప్రధాన ద్వారముగుండా పరుగిడవలెను. జీవి లభ్యము కాని చోట్ల తగిన బొమ్మను వినియోగింపవచ్చును.' పరుగు విధివిధానాలు దివాకరాన్నే రాయమన్నారు. రాతకి చెయ్యి రావడం లేదని ఆయన ఒక్క వాక్యంలో జవాబు పంపాడు. అంత పొట్టి నోటు ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిది.

కొన్నాళ్లకి మంగాయమ్మ మళ్లీ వచ్చింది. ధ్రువపత్రంలో మొగుడి పేరు తప్పు పడింది. ఆవిడ వంగి బల్లల కింద వెతికింది.

"ఆ పిల్లేది బాబూ?"

తాయారు బీరువా మీదుంది. పొట్టమీద గొరిగిన చోట కొత్త బొచ్చు మొలుస్తోంది. ముసలావిడ ఎంత పిలిచినా తల తిప్పలేదు.

"ఇక దిగదు మామ్మగారూ" అన్నాడు దివాకరం. కుర్చీ ఎత్తుకుని తనే కౌంటరు బయటికొచ్చాడు. నడుం వంచలేదు, గొంతు సాగదీయలేదు. ఆవిడకి కుర్చీ వేసి, పక్కన నిలబడి అడిగాడు. "తాతగారికి ఏమైందండి?"

ఈ మాట ఈ గదిలో ఎవరైనా అడుగుతారని ఆవిడ అనుకోలేదు. కుర్చీలో సర్దుకుని మొదలుపెట్టింది. ఆయన జబ్బు, ఆఖరి రోజు అడిగిన గంజి, తను గంజి కాచేలోగానే కళ్లు మూయడం, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వరసలో ఎవరూ విసుక్కోలేదు. దివాకరం పేరు సరిచేసి, కాగితం చేతికిచ్చి, గుమ్మం దాకా నడిపించాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ పెట్టె దగ్గర ఆగింది. రెండు బొమ్మల్నీ పరీక్షగా చూసింది. కళ్లు తుడుచుకుంది. ఏడుపు బొమ్మ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది.

సాయంత్రం తాఖీదొచ్చింది. రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉన్న కార్యాలయంలో ఎర్ర మీట నొక్కబడుటకు గల కారణములు తెలుపవలెనని. దివాకరం దాన్ని మడిచి బీరువా మీద తాయారు పక్కన పెట్టాడు. తాయారు దాని మీద పడుకుంది.